సుగ్గికి పోయినా సంఘం నడవాల



మన కర్నూలు జిల్లాలో 1995లో ఐక్యరాజ్య సమితి పేదరిక నిర్మూలన కార్యక్రమం వచ్చినప్పుడు ఓర్వకల్లు అక్కలు చిన్న పొదుపు సంఘాలతోనే మొదలుపెట్టినారు. పది మంది ఉన్నప్పుడు లెక్క నోటితో చెప్పుకోవచ్చు. మండలమంతా ఒక సమాఖ్య అయినాక నోటి లెక్క నిలవదు. మీటింగ్, పొదుపు, అప్పు, కంతు, పుస్తకాలు అని పంచసూత్రాలు పెట్టుకున్నది అందుకే. అవి మీకు తెలిసినవే, మళ్లీ చెప్పము.

మేము చెప్పేది సుగ్గి గురించి. మాది కోసిగి వైపు. సంక్రాంతి దాటితే ఊళ్లో సగం ఇండ్లకు తాళాలే, మిరపకాయలు కోసేదానికి గుంటూరు వైపు పోతారు. మా సంఘంలో పన్నెండు మందికి ఏడు మంది పోతారు, ఒక్కో ఏడు లీడర్లు కూడా. ఆ మూడు నెలలు కంతు తప్పితే బ్యాంకోళ్లకు మనం బాకీ సంఘమే. సుగ్గి అని రాసే గడి వాళ్ల కంప్యూటర్లో లేదు.

అందుకని డిసెంబరు మీటింగ్‌లోనే తీర్మానం రాసుకుంటాము. ఎవరు పోతారు, ఎప్పుడొస్తారు, కంతు ఎట్ల పంపుతారు అని పేరు పేరునా. బ్యాంకులో సంతకం పెట్టేవాళ్లు ఊళ్లో ఉండేవాళ్లే కావాల. ఫోన్‌లో పంపే డబ్బు సంఘం ఖాతాకే పోవాల, ఎంత మంచి మనిషైనా సరే, ఒకరి ఫోన్‌కు కాదు. మీటింగ్‌లో ఏది ముందు, ఏది వెనక అనేది పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టినాము. మిగిలిన ఐదు మందిలో ఎవరు కూర్చున్నా అదే వరస.

ఉన్నోళ్లు పదివేల వరకు అప్పు ఇయ్యొచ్చని కూడా తీర్మానంలో ఉంది. పోయిన ఫిబ్రవరిలో ఒక అక్క అత్తకు ఆపరేషన్ పడింది. గుంటూరులో ఉన్న ఏడు మందికి ఫోన్లు చేసే పని లేకుండా ఆ సాయంత్రమే డబ్బు చేతికిచ్చినాము. లేకుంటే నూటికి ఐదు వడ్డీకి పోయేది.

ఇన్ని రాతలెందుకు, మా మీద నమ్మకం లేదా అని కొందరు కోపం చేసుకున్నారు. ఉగాదికి తిరిగొచ్చినాక పుస్తకం గట్టిగా చదివి వినిపించినాము. తర్వాత ఆ మాట రాలేదు.

ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. ఫోన్ లేని అక్క గుంటూరు నుంచి కంతు ఎట్ల పంపాల? మేస్త్రీ చేతికిచ్చేది మాకు ఇష్టం లేదు. మీ సంఘాల్లో ఎట్ల చేస్తా ఉన్నారో చెప్పండి. మా పుస్తకం తెచ్చినాము, భోజనాలప్పుడు చూడండి.