చైనా, తైవాన్: పాత వైరం, కొత్త చెలిమి

2015 నవంబర్ 7, సింగపూర్‌లోని షాంగ్రి-లా హోటల్. చైనా నేత షీ జిన్‌పింగ్, తైవాన్ అధ్యక్షుడు మా యింగ్-జియో చేతులు కలిపి నిమిషానికి పైగా అలాగే నిలబడ్డారు. ఒకరినొకరు 'అధ్యక్షా' అనలేదు, 'మిస్టర్' అనే పిలుచుకున్నారు. రాత్రి విందు ఖర్చు కూడా చెరిసగం భరించారు.

ఇంత జాగ్రత్తకు కారణముంది.

అంతర్యుద్ధంలో కమ్యూనిస్టుల చేతిలో ఓడిన కువోమింటాంగ్ పార్టీ 1949లో తైవాన్ చేరింది. అక్కడ 38 ఏళ్లు మార్షల్ లా నడిచింది. కొత్త పార్టీలపై నిషేధమున్నా, 1986లో తైపేలోని గ్రాండ్ హోటల్లో ప్రతిపక్షులు సమావేశమై ధైర్యంగా డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీని స్థాపించారు. తైవాన్‌కు చైనా నుంచి వేరైన అస్తిత్వం కోరే ఆ పార్టీ 2000లో అధ్యక్ష పదవినే గెలుచుకుంది.

దాంతో పాత శత్రువులు దగ్గరయ్యారు. 2005లో కువోమింటాంగ్ నాయకుడు లియెన్ చాన్ బీజింగ్ వెళ్లి అప్పటి చైనా నేత హు జింటావోను కలిశారు. చైనా ఒక్కటేనన్నది ఇద్దరి మాటా. ఆ చైనా ఏదన్న దగ్గరే పేచీ.

2024 జనవరిలో తైవాన్ ఓటర్లు అధ్యక్ష పీఠం డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ నేత లై చింగ్-తేకు ఇచ్చారు. 113 స్థానాల శాసనసభలో మాత్రం కువోమింటాంగ్‌కు 52, ఆయన పార్టీకి 51 దక్కాయి. ఏప్రిల్‌లో మాజీ అధ్యక్షుడు మా యింగ్-జియో బీజింగ్‌లో షీని మళ్లీ కలిశారు. లైని వేర్పాటువాదిగా చూసే బీజింగ్, ఆయన ప్రభుత్వంతో చర్చలకు ముందుకు రాలేదు.