కట్టెలోని లిగ్నిన్ - ఇంధనంగా దాని భవిష్యత్తు



తెల్లని కాగితం తయారు కావాలంటే కట్టెలోనుంచి ఒక పదార్థాన్ని తొలగించక తప్పదు. అదే లిగ్నిన్. సెల్యులోజ్ పోగులను బిగించి పట్టి, చెట్టును నిటారుగా నిలబెట్టేది ఇదే. ఎండుకట్టె బరువులో సుమారు 20 నుంచి 30 శాతం వరకు ఇది ఉంటుంది.

రాజమహేంద్రవరం, కాగజ్‌నగర్ వంటి చోట్ల ఉన్న కాగితపు మిల్లులు సుబాబుల్, జామాయిల్ వంటి కలపను వాడుతున్నాయి. కలపను క్షారంతో ఉడికించినప్పుడు లిగ్నిన్ కరిగి నల్లని ద్రవంగా బయటికి వస్తుంది. ఆ ద్రవాన్ని చిక్కబరచి బాయిలర్లలో మండిస్తారు. దానివల్ల ఆవిరి, విద్యుత్తు లభిస్తాయి; వాడిన రసాయనాలూ చాలావరకు తిరిగి దక్కుతాయి.

అయితే లిగ్నిన్‌కు ఇంతకంటె విలువైన ఉపయోగం ఉన్నది. అది బెంజీన్ వలయాలతో అల్లుకున్న బృహదణువు. పెట్రోలులోను, విమాన ఇంధనంలోను ఇటువంటి వలయాలు గల హైడ్రోకార్బన్లు ఉంటాయి. తేడా అంతా ఆక్సిజన్‌లోనే ఉన్నది. లిగ్నిన్ వలయాలను కలిపే వంతెనలలో పెక్కింటిలో ఆక్సిజన్ పరమాణువు ఉంటుంది. నికెల్, రుథీనియం వంటి లోహ ఉత్ప్రేరకాల సమక్షంలో, అధిక పీడనంలో హైడ్రోజన్‌ను పంపితే ఆ వంతెనలు తెగుతాయి. ఆక్సిజన్ నీరుగా మారి తొలగిపోతుంది. ఇంధనానికి పనికివచ్చే చిన్న అణువులు మిగులుతాయి.

ప్రయోగశాలలో సాధ్యమైన ఈ పని కర్మాగారంలో అంత సులభం కాదు. తెగిన ముక్కలు మళ్ళీ పరస్పరం అతుక్కుని బొగ్గువలె ఉత్ప్రేరకంపై పేరుకుంటాయి. మిల్లు ద్రవంలోని గంధకం అనేక లోహాల చురుకుదనాన్ని హరిస్తుంది. అందుకే కట్టెను ఉడికించే దశలోనే ఉత్ప్రేరకాన్ని ప్రవేశపెట్టి, ముక్కలు అతుక్కోకముందే వాటిని స్థిరపరచే పద్ధతిపై ఇటీవల పరిశోధనలు సాగుతున్నాయి.

మరి రెండు విషయాలను మరువరాదు. మొదటిది, హైడ్రోజన్‌ను సహజవాయువు నుంచి తయారుచేస్తే ఈ ఇంధనం వల్ల పర్యావరణానికి కలిగే మేలు చాలావరకు తగ్గిపోతుంది. రెండవది, లిగ్నిన్ అంతటినీ ఇంధనానికి మళ్ళిస్తే మిల్లు తన బాయిలర్ల కోసం బొగ్గు కొనవలసివస్తుంది. ఒకచోట పొదుపు చేసి మరొకచోట ఖర్చు పెట్టినట్లవుతుంది.

కనుక మిల్లు అవసరాలకు పోగా మిగిలిన లిగ్నిన్‌తో ప్రారంభించడం వివేకం. 2022లో పానిపట్‌లో ప్రారంభమైన, వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే కర్మాగారం వంటివాటిలోనూ చక్కెరలు ఆల్కహాలుగా మారగా లిగ్నిన్ మిగిలిపోతుంది. అక్కడా ఇదే లెక్క వర్తిస్తుంది. ఎక్కువ కాలం మన్నే చవకైన ఉత్ప్రేరకం, కాలుష్యం లేని హైడ్రోజన్ - ఈ రెండూ సమకూరిననాడే కట్టెలోని ఈ సంపద ఇంధనంగా నిజమైన ప్రయోజనాన్ని ఇస్తుంది. రసాయన శాస్త్ర విద్యార్థుల కృషికి ఇది తగిన రంగం.