బడి డబ్బు లెక్క అడుగుదాం

మా గూడెంది ఏకోపాధ్యాయ బడి. సుద్దముక్కలు, చీపుర్లు కూడా సారు తన జీతంతోనే కొనేవారు. దాతల కోసం తిరిగాం. ఓ రోజు ఒక అక్క అడిగింది: "బడికొచ్చే డబ్బు ఏమైతాంది?" ఎవ్వరికీ తెలీదు!

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, సమగ్ర శిక్ష నిబంధనల్లో సర్కారు బడికి ఏటా గ్రాంటు ఉంది. 30 మంది దాకా పిల్లలుంటే 10 వేలు, 100 దాకా 25 వేలు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి. గ్రాంటు ఖర్చు చూసే బాధ్యత వాళ్లదే. 22వ సెక్షన్ ప్రకారం వాళ్లు రాసే ప్రణాళికే సర్కారు గ్రాంట్లకు ఆధారం.

మీ అక్కలు, వదినలు కమిటీలో ఉంటే వాళ్ల పక్కన కూర్చోండి. లెక్క చదివి చెప్పండి, ప్రణాళిక రాసిపెట్టండి. సంతకం ఒక్కటే వాళ్లది కాదు, నిర్ణయం కూడా వాళ్లదే కావాలి.