సైనికుని అంత్యయాత్ర – నిరసన హక్కు

మీలో తగవులు తీర్చిన యనుభవము గలవారు పెక్కుమంది యుందురు. గట్టు తగవులు, కాలువనీటి తగవులు, అన్నదమ్ముల పంపకములు మీకు క్రొత్తవి కావు. అమెరికా దేశమున జరిగిన యొక తగవును నేడు మీ యెదుట నుంచుచున్నాను. యుద్ధభూమికి పోయి మరణించిన యొక యువకునికి అంత్యక్రియలు జరుగుచుండగా, ఇతరులు వీధిలో నిలిచి యేమైనను పలుకవచ్చునా యనునది అందలి ప్రశ్న.

2006వ సంవత్సరము మార్చి 3వ తేదీన ఇరాకులో, అమెరికా మెరీను దళమునకు చెందిన 20 ఏండ్ల సైనికుడొకడు వాహన ప్రమాదమున మరణించెను. ఆ నెల 10వ తేదీన మేరీలాండు రాష్ట్రములోని వెస్ట్‌మినిస్టరు పట్టణమున, కాథలిక్ చర్చిలో అతనికి అంత్యప్రార్థనలు జరిగినవి. ఆ తండ్రి పేరు న్యాయస్థానపు తీర్పులలో నున్నది. దుఃఖించినవానిని మరల బజారున నిలుపుట యెందులకని నేను దానిని చెప్పుట లేదు.

ఆనాడు ఆ పట్టణమునకు ఏడుగురు వచ్చిరి. వారు కాన్సాసు రాష్ట్రములోని టొపీకా నగరమున నున్న వెస్ట్‌బరో బాప్టిస్టు చర్చివారు. ఆ చర్చిని 1955లో స్థాపించినవాడు ఫ్రెడ్ ఫెల్ప్స్. పేరునకు చర్చియే గాని, అందలి సభ్యులలో పెక్కుమంది ఆయన బిడ్డలును మనుమలును. వచ్చిన యేడుగురును ఆయనయు, ఇద్దరు కుమార్తెలును, నలుగురు మనుమలునే. స్వలింగ ప్రణయము గలవారిని అమెరికా సహించుచున్నదనియు, అందులకు దైవము కినిసి ఆ దేశపు సైనికులను చంపుచున్నాడనియు వారి బోధ. మృతిచెందిన సైనికుల కొఱకు దేవునికి స్తోత్రమని వ్రాసిన అట్టపలకలను వారు చేతబట్టి నిలిచిరి. ఆ సైనికునితో గాని, అతని కుటుంబముతో గాని వారి కెట్టి పరిచయమును లేదు.

మన యూళ్లలో శవము లేచువఱకు గుడిలో నైవేద్యము పెట్టరు. ఇరుగుపొరుగువారు పొయ్యి రాజేయరు. ఏండ్ల తరబడి మాటలు లేని దాయాదియు ఆనాడు వచ్చి పాడె పట్టును. ఇట్టి యాచారములో పెరిగిన మనకు ఈ వృత్తాంతము వినుటయే కష్టము. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరము వంటి గ్రామములు తరతరములుగా సైన్యమునకు బిడ్డలను పంపుచున్నవి. అట్టి యూర నిట్లు జరిగియుండినచో ఏమగునో మీరే యూహింపుడు.

ఇక తగవులోని సూక్ష్మము వినుడు. ఆ యేడుగురు చర్చిలోనికి గాని, శ్మశానములోనికి గాని పోలేదు. ముందుగానే అధికారులకు తెలిపి, పోలీసులు చూపిన చోటనే, చర్చికి సుమారు 1000 అడుగుల దూరమున నిలిచిరి. ప్రార్థనలకు ముందు అరగంట సేపు కీర్తనలు పాడిరి, బైబిలు వాక్యములు చదివిరి. కేకలు వేయలేదు, ఎవరిని అడ్డలేదు. శవయాత్ర వారికి రెండు మూడు వందల అడుగుల దూరముననే సాగినను, తండ్రికి పలకల పైయంచులు మాత్రమే కనబడినవి. వానిపై నేమి వ్రాసియుండెనో నాటి రాత్రి టెలివిజనులో వార్తలు చూచునపుడు గాని ఆయనకు తెలియలేదు. కొడుకును మట్టిచేసి యింటికి వచ్చిన తండ్రి ఆ రాత్రి చూచినది అది.

ఆయన దావా వేసెను. 2007లో జ్యూరీవారు సుమారు కోటి తొమ్మిది లక్షల డాలర్లు చెల్లింపవలెనని తేల్చిరి. న్యాయాధిపతి దానిని 50 లక్షలకు తగ్గించెను. 2009లో పై న్యాయస్థానము ఆ తీర్పును పూర్తిగా కొట్టివైచెను. అంతటితో పోక, అప్పీలు ఖర్చుల క్రింద 16,510 డాలర్లు తండ్రియే ప్రతివాదులకు చెల్లింపవలసి వచ్చెను. దేశము నలుమూలలనుండి జనులు ఆయనకు విరాళములు పంపిరి. తుదకు సుప్రీంకోర్టునకు పోగా, అచట చర్చి పక్షమున వాదించినది ఫెల్ప్స్ కుమార్తెయే. ఆ కుటుంబమున న్యాయవాదులకు కొదువ లేదు. చట్టపు గీత యెచ్చట నున్నదో తెలిసియే వారు దాని యంచున నిలిచిరి.

2011 మార్చి 2వ తేదీన తీర్పు వచ్చెను. తొమ్మండుగురిలో ఎనమండుగురు చర్చి పక్షమున నిలిచిరి. వారి మాటలు దేశనీతిని గూర్చినవి, నిలిచినది ప్రజల వీధి, ప్రవర్తన శాంతము. వినువారికి బాధ కలిగినంత మాత్రమున వక్తను దండింపరాదని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ వ్రాసెను. అలిటో అను న్యాయమూర్తి యొక్కడే భిన్నాభిప్రాయము వ్రాసెను. ఆ తండ్రి రాజకీయములలోని మనుష్యుడు కాడు, కుమారుని ప్రశాంతముగా సాగనంప గోరిన గృహస్థుడు. మాటలాడుటకు దేశమంతయు నుండగా ఇట్టివానినే గాయపఱచుట స్వేచ్ఛ కాదు అని ఆయన వాదము.

నా హృదయము అలిటోవైపే పోవుచున్నది. అయినను నేనా పీఠమున నుండినచో ఎనమండుగురితో చేరియుందును. కారణము చెప్పెదను. ఇరాకులో 2004లో కుమారుని గోల్పోయిన సిండీ షీహన్ అను తల్లి, 2005 ఆగస్టులో టెక్సాసు రాష్ట్రపు క్రాఫర్డు గ్రామము చెంత, అధ్యక్షుడు బుష్ విడిది సమీపమున గుడారము వేసికొని కూర్చుండెను. నా బిడ్డ యే ఘనకార్యమునకై మరణించెనో చెప్పుమని ఆమె యడిగెను. ఆమె మాటలును ఎందఱనో నొప్పించినవి. అవి మృతవీరులకు అవమానమని పలికినవారును కలరు. నొచ్చుటయే నేరమునకు కొలత యైనచో, ఫెల్ప్స్ పలకను లాగుకొను చేయియే రేపు ఆ తల్లి గుడారమును పీకివేయును. ఎవరి నొప్పి యెక్కువయో తూచు త్రాసు ప్రభుత్వము చేతి కిచ్చుట నాకు సమ్మతము కాదు.

అట్లని ఆ దేశము చేతులు ముడుచుకొని యుండలేదు. మాటను తాకక, చోటును వేళను మాత్రము కట్టడి చేసిరి. 2006లో జాతీయ శ్మశానముల ద్వారములకు 300 అడుగుల లోపల, అంత్యక్రియలకు గంట ముందును గంట తరువాతను నిరసనలు నిషేధింపబడినవి. 2012లో ఆ కాలమును రెండేసి గంటలకు పెంచి, సైనికుల అంత్యక్రియల కన్నింటికిని ఆ నియమమును వర్తింపజేసిరి. సుప్రీంకోర్టు తీర్పు నాటికి మేరీలాండుతో కూడ 44 రాష్ట్రములలో ఇట్టి శాసనము లుండెను. మన దేశమున ఇది క్రొత్త కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 297వ సెక్షను, మనసు నొప్పింపవలెనని అంత్యక్రియలకు భంగము కలిగించువానికి ఏడాదివఱకు ఖైదు విధించెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 301వ సెక్షను. కాని చూడుడు: ఆ యేడుగురు చర్చికి వేయి అడుగుల దూరమున నిలిచిరి గదా! మూడువందల అడుగుల గీత వారిని చర్చి వాకిట నేమి చేయగలదు?

చట్టమునకు అందని యా పని జనులు చేసిరి. 2005లో కాన్సాసులోనే పేట్రియట్ గార్డ్ రైడర్లు అను మోటారుసైకిలు దళమొకటి బయలుదేరెను. వారిలో పూర్వసైనికులును కలరు, కానివారును కలరు. మృతుని కుటుంబమువారు పిలిచిననే వత్తురు. వచ్చి, జాతీయ పతాకములు చేతబట్టి, నిరసనకారులకును బంధువులకును నడుమ గోడవలె నిలుతురు. ఎదుటివారితో వాదులాట లేదు, తిట్టు లేదు, చేయిచేసికొనుట అసలే లేదు. ఆ పతాకముల వెనుక పలకలు కనబడవు. తల్లిదండ్రులు తల యెత్తి నడచి పోవుదురు. ఈ తగవులో నాకు మిక్కిలి నచ్చిన ఘట్ట మిదియే.

2014 మార్చిలో ఫెల్ప్స్ మరణించెను. ఆయనకు బహిరంగముగా అంత్యక్రియలు జరుపలేదు. కొలది దినములకే ఆయన పరివారము కాన్సాసు సిటీలో నొక సంగీతసభ యెదుట యథాప్రకారము పలకలతో నిలిచెను. వీధి కావలి ప్రక్కన వారి నెదుర్కొన వచ్చినవారును ఒక పెద్ద పటము పట్టుకొని నిలిచిరి. దానిపై, మీకు కలిగిన మరణమునకు విచారించుచున్నాము అని మాత్రమే వ్రాసియుండెను.