ఐచ్ఛికమన్నది పేరుకే కారాదు
(దెగ్లూర్ తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము మెట్రిక్కుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవారము. కళాశాల సంగతులు మాకేల యని మీలో కొందరనుకొనవచ్చును. మా ఇంటి బాలునికి కలిగిన కష్టమే మమ్ము నేడు మీ యెదుట నిలిపినది.

ఆ బాలుడు వాణిజ్యశాస్త్ర విద్యార్థి. ముఖ్య విషయములన్నింటను ఉత్తీర్ణుడై, రెండు క్రెడిట్ల ఐచ్ఛిక విషయములో తప్పెను. అది అతడు కోరినది కాదు. కోరినదానికి చాలినంతమంది విద్యార్థులు లేరని, బోధకుడు లేడని చెప్పి వేరొక దానిలో చేర్చిరి. “ఎన్నుకొన్నది నేను కాదు, తప్పినది మాత్రము నేను” అని అతడన్నప్పుడు మాకు బదులు తోచలేదు. బియ్యము కొనబోయినవానికి అప్పడములు గూడ అంటగట్టినట్లున్నదని ఆనాడు మేము కోపగించితిమి.

తరువాత తెలిసినవారి నడిగి విషయము గ్రహించితిమి. జాతీయ విద్యావిధానము 2020లో వచ్చినది. దాని ననుసరించి మహారాష్ట్ర ప్రభుత్వము 2023లో డిగ్రీ చదువుల చట్రమును ప్రకటించినది. ఆ చట్రమున మూడేండ్ల డిగ్రీకి 120 మొదలు 132 వరకు క్రెడిట్లు కావలెను. పాఠముగా చెప్పు విషయమునకు 15 గంటల బోధన ఒక క్రెడిట్. ఇందులో 10 మొదలు 12 క్రెడిట్లు విద్యార్థి తన శాఖకు వెలుపలి విషయములనుండి ఎన్నుకొని సంపాదించవలెను. వాణిజ్యము చదువువాడు చరిత్రయో విజ్ఞానమో కొంత నేర్వవలెనన్నమాట.

ఉద్దేశము మంచిదే. అమెరికాలో హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ 1869 తరువాత ఐచ్ఛిక పద్ధతిని విస్తరింపజేసినది విద్యార్థికి స్వేచ్ఛ నిచ్చుటకే. కాని స్వేచ్ఛకు సరుకు కావలెను. అంగడిలో ఒకే బట్ట పెట్టి “నచ్చినది తీసికొనుడు” అనుట బేరము కాదు. పెద్ద నగరమున పది విషయములలో ఒకటి దొరకును. చిన్న యూరిలో దొరికినదే ఐచ్ఛికము. మన ఫిర్యాదు నియమముపై కాదు. కాగితము మీది ఎంపిక తరగతి గదికి చేరకుండుటపై.

ఇందులో మన భాష సంగతి యొకటి కలదు. అదే చట్రమున ఆధునిక భారతీయ భాషకు 4 క్రెడిట్లు కేటాయించిరి. తెలుగు రాజ్యాంగపు ఎనిమిదవ అనుసూచిలోని భాష. 2008లో ప్రాచీన భాషగా గుర్తింపు పొందినది. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు మన దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశమునకు పోయినవి; మనము ఇటువైపు నిలిచితిమి. నేడు ఆ యూళ్లు తెలంగాణలో నున్నవి. అక్కడి మన బంధువుల బిడ్డలు డిగ్రీలో తెలుగును రెండవ భాషగా తీసికొనగలరు. కొద్దిపాటి దూరమున నున్న మన బిడ్డలకు ఆ యెంపిక ఏల యుండరాదు?

మరాఠీ మనకు అన్నము పెట్టిన భాష. దానిని మన బిడ్డలు చక్కగా నేర్వవలెను. మనము కోరునది మరాఠీ స్థానము కాదు. ఐచ్ఛికముల వరుసలో తెలుగునకు ఒక చోటు.

రాజ్యాంగపు 29వ అధికరణము భాషను కాపాడుకొను హక్కు నిచ్చినది. అయితే 350-ఎ అధికరణము చెప్పు మాతృభాషా బోధన ప్రాథమిక దశకే పరిమితము. కనుక కళాశాలలో తెలుగు కావలెనన్న హక్కు పేరు చెప్పి ఊరకుండిన చాలదు. లెక్క చూపి అడుగవలెను. ప్రవేశములకు ముందే తెలుగు కోరు విద్యార్థుల జాబితా సంతకములతో సిద్ధపరచుదము. తెలుగులో ఎం.ఏ. చదివినవారిని సరిహద్దు కావలనుండియైనను వెదకి పేర్లు సూచించుదము. పాఠ్యక్రమము ఆమోదింపవలసినది విశ్వవిద్యాలయము గనుక, నాందేడ్‌లోని స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయమునకు గూడ అర్జీ పంపుదము.

ఈలోగా మరియొక దారి కలదు. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారము, కళాశాల అనుమతించినచో, ఒక సెమిస్టరులోని విషయములలో 40 శాతము వరకు స్వయం వేదికమీది పాఠముల ద్వారా పూర్తిచేయవచ్చును. ఆ వీలు కలదా యని ప్రతి తండ్రియు ప్రవేశము నాడే విచారింపవలెను. బిడ్డ ఖాతాలో క్రెడిట్లు జమయైనవో లేదో సెమిస్టరు సెమిస్టరునకు చూడవలెను. అంగడి పద్దును దినదినము చూచు మనము, మా బాలుని పద్దును సంవత్సరాంతమున గాని చూడలేదు. ఆ తప్పు మాది.

తుదకు ఒక చేదు మాట. రేపు కళాశాలవారు తెలుగు తరగతి తెరచినచో, అక్షరములు వచ్చిన విద్యార్థులు మనలో ఎందరు? ఇంట తెలుగు మాటలాడు మా బాలుడు తెలుగున తన పేరు వ్రాయలేడు. కావున వచ్చు ఆదివారము మొదలు మా యింటి వసారాలో రెండు గంటలు అక్షరాభ్యాసము జరుగును. పలకలు మేమిత్తుము, పిల్లలను మీరు పంపుడు. మొదటి వరుసలో మా బాలుడే కూర్చుండును.