పాత పటములో మన మురుగు కాలువ
(సంఘ సభ్యుల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



మీ యెదుట గోడకు వ్రేలాడుచున్నది సర్వే ఆఫ్ ఇండియా వారి పాత పటము. మైలు నేలను ఒక అంగుళములో చూపు లెక్కన మన గోదావరి డెల్టా ఇందులో కలదు. కొండ ప్రాంతముల పటములలో ఎత్తును తెలుపు గోధుమరంగు గీతలు దట్టముగా నుండును. ఇక్కడ అవి కానరావు. ఆ గీతలు 50 అడుగులకు ఒకటి చొప్పున గీయుదురు. మన నేల అంత ఎత్తు లేదు. ఇట్టి చదును నేలలో జానెడు మెరకయే నీటి దారిని నిర్ణయించును.

ఇక నీలి గీతలు చూడుడు. కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్టను 1847లో ప్రారంభింపగా 1852లో పూర్తయినది. తూర్పు కాలువ ధవళేశ్వరము నుండి, మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక నుండి, పడమటి కాలువ విజ్జేశ్వరము నుండి బయలుదేరినవి. గన్నవరము వద్ద ఒక నీలి గీత మరియొక నీలి గీతను దాటుచున్నది. అచ్చట వైనతేయ పాయపై 49 కమానులు కట్టి, కాలువను దాటించి, అవతలి రాజోలు ప్రాంతమునకు నీరిచ్చిరి.

నది ఏటేట ఒండ్రు పోసి తన ఒడ్డులనే మెరక చేసికొనును. అందుచేత కాలువలను మెరక వెంబడి త్రవ్విరి. పంటకు మిగిలిన నీరు, వాన నీరు పల్లమునకు దిగి మురుగు కాలువల ద్వారా సముద్రము చేరవలెను. పడమటి డెల్టాలో యనమదుర్రు అట్టిదే.

ఈ పటము చేతబట్టుకొని మేము కొందరము పొలముల వెంట నడిచితిమి. పంట కాలువలు పటములో నున్నచోటనే కలవు. కాని ఒక సన్నని మురుగు కాలువ సగములోనే అంతరించినది. ముందు గుర్రపు డెక్క, ఆ పిమ్మట చేపల చెరువు గట్టు, దాని ప్రక్క కొబ్బరి చెట్లు. ఆ చెట్లలో కొన్ని మా పెద్దలు నాటినవే. వాటి ఫలమును మేమే తినుచున్నాము. వరి మునిగిన ప్రతి ఏడును తుపానును నిందించితిమి, అధికారులను నిందించితిమి. పల్లపు రైతు మోకాలి లోతు నీటిలో నిలిచి మా గట్టు వైపు చూచుచుండగా, మేము అటు చూడలేదు.

కాలువకు నీరు రాకున్న అందరమును లాకుల వద్దకు పరుగెత్తుదుము. మురుగు కదలకున్న బాధ పల్లపు వానిదే. హద్దులు తేల్చుటకు రెవెన్యూ కొలతలు వేరుగా కలవు. అది ఈ పటము పని కాదు. కాని నాడు నీరు ఏ దారిని పోయెనో ఇది మొగమాటము లేక చెప్పుచున్నది. మా వంతు గట్టు మీది చెట్లను ఈ వేసవిలోనే తీసివేయుటకు మేము ఒప్పుకొంటిమి. వానలు రాకముందే మీరును ఈ పటము వద్దకు వచ్చి, మీ చేనిని వ్రేలితో గుర్తించి, దాని నీరు ఎవరి చేనిలోనికి పోవుచున్నదో చూచుకొనవలెనని మా మనవి.