తెగిన పోగు ఎక్కడుందో చూడాలి
(నెట్‌వర్కింగ్ పరీక్షలకు చదువుతున్న మన పిల్లల సభలో, సోలాపూర్‌లో మేము చేసిన ప్రసంగ పాఠం)



మేమిద్దరం నెట్‌వర్క్ పని చేసి బతికేవాళ్లం. ఆదివారాలు భవనం పైఅంతస్తులో పిల్లలకు క్లాసు చెబుతున్నాం. ఈ మాటలు వార్షికోత్సవ సంచికలో వేస్తామని కార్యదర్శిగారు అన్నారు. సంతోషమే గానీ ఒక చిక్కుంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు, పరీక్ష ఇంగ్లీషులో రాస్తారు. తెలుగు అక్షరం చాలామందికి రాదు. కనుక ఇది ఇంట్లో తాతో నాయనమ్మో ఫోన్లో చదివి వినిపించాల్సిందే. తాతకు కూడా అర్థం కావాలని కొంచెం నిమ్మళంగా చెబుతాం.

పోయినేడు మా క్లాసు పిల్లవాడొకడు పుణెలో ఇంటర్వ్యూకు పోయాడు. ఓఎస్ఐ ఏడు పొరల పేర్లు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి గడగడా చెప్పేవాడు. అక్కడ వాళ్లు ఏమీ అడగలేదు. ఒక కంప్యూటర్ చూపించి, "దీంట్లో నెట్ రావట్లేదు, చూడు" అన్నారు. వాడు బ్రౌజర్ తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. సెట్టింగులన్నీ తిప్పాడు. పది నిమిషాలయ్యాక వాళ్లే వచ్చి బల్ల వెనక సగం ఊడిన కేబుల్‌ను లోపలికి నొక్కారు. అంతే. వాడు రాత్రి బస్సుకు తిరిగొచ్చాడు. తప్పు వాడిది ఎంతో, మాది అంతకన్నా ఎక్కువ. ఏడు పొరల పేర్లు చెప్పించాం గానీ, ఆ పొరలు దేనికో చెప్పలేదు.

సీసీఎన్ఏ పరీక్ష ఫీజు 300 డాలర్లు. పన్నుతో కలిపి పాతిక వేలు దాటుతుంది. తప్పితే మళ్లీ పూర్తి ఫీజు కట్టాలి. ఆ డబ్బు వెనక ఎన్ని బీడీలు చుట్టారో, ఎన్ని పాళీలు సాంచాల దగ్గర నిలబడ్డారో ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రులకు మేము చెప్పక్కర్లేదు. అందుకే ఈరోజు పొగడ్తలు పక్కన పెట్టి పాఠమే చెబుదామనుకున్నాం.

మన సాంచ ఆగితే జాబరు ఏం చేస్తాడు? వచ్చీ రాగానే డిజైను మీద పడడు. కరెంటు ఉందా, మోటారు తిరుగుతోందా, పట్టా జారిందా అని చూస్తాడు. తర్వాత పడుగులో పోగు తెగిందా, కండెలో నూలు అయిపోయిందా చూస్తాడు. అన్నీ బాగుంటేనే జాకార్డు పెట్టె వైపు తలెత్తుతాడు. కిందినుంచి పైకి. ఓఎస్ఐ నమూనా 1984లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది. ఇంటర్నెట్ నిజానికి దాని మీద నడవదు, టీసీపీ ఐపీ మీద నడుస్తుంది. అయినా ఆ ఏడు పొరలను ఇంకా ఎందుకు చదివిస్తున్నారంటే, తప్పు వెతికేవాడికి అది మెట్ల వరుస. తీగ మొదటి మెట్టు. పక్కనున్న యంత్రాన్ని గుర్తుపట్టడం రెండోది. దూరంలో ఉన్నదాన్ని చేరుకోవడం మూడోది. ఆ మూడు మెట్లు గట్టిగా ఎక్కినవాడికి పై నాలుగూ పెద్ద కష్టం కావు.

మొదటి మెట్టు గురించి మా పరువు పోయిన సంగతి ఒకటి చెప్పాలి.

పైఅంతస్తులో క్లాసు మొదలుపెట్టినప్పుడు కిందనుంచి నలభై మీటర్ల కేబుల్ మేమే లాగాం, కొసలు మేమే బిగించాం. టెస్టర్ పెడితే ఎనిమిది లైట్లూ వరుసగా వెలిగాయి. కానీ నెట్ నత్తనడక. ఒక్కోసారి మొత్తం నిలిచిపోయేది. స్విచ్ పాడైందనుకొని కొత్తది కొన్నాం, సమాజం డబ్బుతో. అయినా అంతే. ఒక ఆదివారం మనవణ్ని తీసుకుపోవడానికి వచ్చిన పెద్దాయన ఒకరు, జీవితమంతా సాంచాల మధ్య గడిపినాయన, కత్తిరించిన కేబుల్ ముక్క చేతిలోకి తీసుకున్నారు. "తీగలకు పురి ఎందుకు పెట్టిండ్రు?" అని అడిగారు.

మేము చెప్పడం మొదలుపెట్టాం. ఎనిమిది తీగలు నాలుగు జంటలు. జంటలో ఒక తీగలో పోయే సంకేతానికి రెండోదాంట్లో పోయేది సరిగ్గా ఎదురు. బయటి కరెంటు తీగల గోల తగిలితే రెండింటికీ ఒకే తీరుగా తగులుతుంది. అవతలి కొసన రెండింటి మధ్య తేడా మాత్రమే చూస్తారు, కనుక గోల కొట్టుకుపోతుంది. పురి ఉంటేనే రెండూ ఒకే దెబ్బ తింటాయి... ఇట్లా చెబుతూ చెబుతూ ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మేము రంగులను చూడ్డానికి చక్కగా జంట పక్కన జంట పెట్టి బిగించాం. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెల్ల నీలం, నీలం, తెల్ల గోధుమ, గోధుమ. ప్రమాణం అట్లా లేదు. మూడో పిన్నూ ఆరో పిన్నూ ఒక జంట. నాలుగూ అయిదూ ఒక జంట. మా వరసలో మూడో పిన్నుకు తెల్ల ఆకుపచ్చ, ఆరో పిన్నుకు నీలం పోయాయి. అంటే ఒకదానికొకటి పురి లేని తీగలను జంటగా వాడాం. రెండు కొసల్లోనూ ఒకే తప్పు చేశాం గనుక టెస్టర్‌కు అన్నీ సరిగ్గానే కనిపించాయి. టెస్టర్ తీగ తెగిందా, వరస మారిందా అని మాత్రమే చూస్తుంది, పురి సంగతి దానికి తెలియదు.

సరైన వరస, టీ568బీ అంటారు, రాసుకోండి: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జంట నీలం జంటను మధ్యలో పెట్టుకొని విడిపోతుంది. కొస దగ్గర పురి ఎంత తక్కువ విప్పితే అంత మంచిది. మొత్తం పొడవు 100 మీటర్లు దాటకూడదు. కొసలు మార్చాక అదే రోజు నెట్ పరుగెత్తింది. కొత్త స్విచ్ మాత్రం బీరువాలో ఉంది. ప్రాక్టీసుకు వాడుకుంటున్నాం లెండి, కోశాధికారిగారు కోపం చేయొద్దు.

ఇక అందరూ భయపడే సబ్‌నెట్ లెక్క. ఇది మన ఇంటి లెక్కే.

సోలాపూరు చాదరు మీద పువ్వు ఎట్లా లేస్తుందో మీ అందరికీ తెలుసు. జాకార్డు అట్టలో చిల్లు ఉన్నచోట సూది లోపలికి దిగుతుంది, ఆ పోగు లేస్తుంది. చిల్లు లేనిచోట లేవదు. 1804లో ఫ్రాన్సులో లియోన్ పట్టణపు జోసెఫ్ మారీ జాకార్డ్ ఈ పద్ధతిని కుదిర్చాడు. దాన్ని చూసే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలు పెట్టాలనుకున్నాడు. అదంతా చరిత్ర, పరీక్షలో రాదు. చిల్లు ఉంది, చిల్లు లేదు అన్న రెండు మాటలు చాలు మనకు.

ఐపీ చిరునామాలో నాలుగు అంకెలుంటాయి. ఒక్కో అంక ఎనిమిది గళ్ల అట్ట. గళ్ల విలువలు ఎడమనుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1. చిల్లున్న గళ్లను కూడితే అంక వస్తుంది. 70 అంటే 64, 4, 2 గళ్లలో చిల్లులు. 130 అంటే 128, 2 గళ్లలో. ఇప్పుడు మాస్క్ 255.255.255.192 అన్నారనుకోండి. 192 అంటే 128, 64. చివరి అట్టలో మొదటి రెండు గళ్లే చూడమని దానర్థం, మిగతా ఆరూ ఇంటి లోపలి నంబరు. 192.168.1.70, 192.168.1.130 ఒకే వీధివేనా? 70లో మొదటి రెండు గళ్లు: లేదు, ఉంది. 130లో: ఉంది, లేదు. కలవలేదు. వేరువేరు వీధులు. ఆరు గళ్లతో 64 నంబర్లు వస్తాయి. మొదటిది వీధి పేరుకు, చివరిది వీధంతా వినేలా పిలవడానికి పోతే యంత్రాలకు 62 మిగులుతాయి. పాత జాకార్డు అట్టలు ఇంట్లో మూలన పడి ఉంటే తెండి, వాటి మీదే నేర్పిస్తున్నాం. ఒకమ్మాయి ఇప్పుడు కాగితం లేకుండా మనసులోనే చేస్తుంది.

అమ్మాయిల మాట వచ్చింది గనుక అంటున్నాం. అబ్బాయిని పంపి, అమ్మాయిని "ఆదివారం ఇంట్లో పని ఉంది" అని ఆపేస్తున్నారు. మా క్లాసులో లెక్క తప్పకుండా చేసేది ఆ పిల్లలే. ఆలోచించండి.

ఈ వీధి లెక్క ఎవరికోసం? పరీక్ష పెట్టేవాడి కోసం కాదు. మీ కంప్యూటర్ ఒక్క ముక్క బయటికి పంపాలన్నా ముందు ఈ లెక్కే చేస్తుంది. అవతలివాడు మన వీధివాడే అయితే, "ఈ ఐపీ ఎవరిది, నీ మ్యాక్ చిరునామా చెప్పు" అని వీధంతా వినేలా అడుగుతుంది. దానికి ఏఆర్పీ అని పేరు. వేరే వీధివాడైతే అతణ్ని అడగదు, వీధి చివరి గేట్‌వే మ్యాక్ అడిగి మూట దాని చేతిలో పెడుతుంది. ఇంటర్వ్యూల్లో తరచుగా తిరగేసి అడిగేది ఇదే: దారిలో ఏది మారుతుంది, ఏది మారదు? చాదర్ల బేలు సోలాపూర్ నుంచి వరంగల్ పోతోంది. మధ్యలో బండి మారుతుంది, డ్రైవర్ మారతాడు. బేలు మీద రాసిన పేరు మారదు. ప్రతి రౌటర్ దగ్గరా మ్యాక్ చిరునామాలు మారతాయి, ఐపీలు మారవు. ఒక్కటే మినహాయింపు. ఇంటి రౌటర్ బయటికి పంపేటప్పుడు మీ 192.168 నంబరు తీసేసి తన నంబరు వేస్తుంది. ఐపీ నాలుగో వెర్షన్‌లో ఉన్నవి దాదాపు 429 కోట్ల నంబర్లే. అందరికీ చాలవు గనుక 192.168 లాంటివాటిని ఎవరింట్లో వాళ్లు వాడుకొమ్మని వదిలేశారు. భివండిలో మీ మేనమామ ఇంట్లో కూడా 192.168.1.1 ఉండొచ్చు, తగువు రాదు.

టీసీపీ, యూడీపీ గురించి రెండే మాటలు. పేక తెగితే తానే ఆగి, అతికాకే నడిచే సాంచ లాంటిది టీసీపీ. పోయిన ముక్క మళ్లీ తెప్పించుకుంటుంది. యూడీపీ ఆగదు. వీడియో కాల్లో ఒక ముక్క పోతే పోయింది, దానికోసం ఆగితే ముచ్చటే ఆగిపోతుంది.

ఇప్పుడు పుణె కంప్యూటర్ ముందు మళ్లీ నిలబడదాం. మొదట పోర్టు దగ్గర లైటు చూడు. లేకుంటే తీగ, అవతలి కొస. ఉంటే ఐపీకాన్ఫిగ్ కొట్టు. 169.254తో మొదలైతే నంబర్లు పంచే డీహెచ్‌సీపీ ఇతనికి జవాబివ్వలేదని అర్థం. నంబరు ఉందిగానీ మీ వీధిది కాదా? అయితే ఎవరో ఇంటినుంచి తెచ్చిన వైఫై పెట్టెను గోడ సాకెట్లో తగిలించారేమో, అది కూడా నంబర్లు పంచుతోందేమో వెతుకు. మా భవనంలోనే పెళ్లి రోజుల్లో ఇది రెండుసార్లు అయింది. నంబరు సరైనదైతే గేట్‌వేను పింగ్ చెయ్యి. అది పలికితే 8.8.8.8ను. అదీ పలికి, పేరు కొడితే మాత్రం పేజీ రాకపోతే, పేరుకు నంబరు చెప్పే డీఎన్ఎస్ దగ్గర తప్పుంది. అయిదు నిమిషాల పని. ఒక్కో మెట్టు దగ్గర నోటితో బయటికి చెప్పండి, "ఇక్కడివరకు బాగుంది" అని. అడిగేవాళ్లు వినాలనుకునేది అదే.

డంపుల సంగతి కూడా అనాలి. పాత ప్రశ్నలు, జవాబులు అమ్ముతున్నారు, మీరు కొంటున్నారు, మాకు తెలుసు. అవి పరీక్ష నిబంధనలకు విరుద్ధం, దొరికితే సర్టిఫికెట్ రద్దు చేయొచ్చు. దొరకకపోయినా ఊడిన కేబుల్ ముందు అవి పనికిరావు. ఆ డబ్బుతో గజ్జెడు కేబుల్, పిడికెడు ప్లగ్గులు కొనండి. ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే చాలు.

పుణె నుంచి తిరిగొచ్చిన పిల్లవాడు ఈ సభలోనే ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. వాడు మళ్లీ వచ్చే నెలలో పరీక్ష రాస్తున్నాడు. ఇప్పుడు క్లాసులో కేబుళ్లు వాడే ఊడదీసి దాచి, చిన్నపిల్లలతో వెతికిస్తాడు.

ఆదివారం వచ్చేటప్పుడు ఈ లెక్క చేసుకొని రండి. ఒక కంప్యూటర్ ఐపీ 10.20.30.200. మాస్క్ 255.255.255.224. గేట్‌వే 10.20.30.225. లైటు వెలుగుతోంది, నంబర్లు చేత్తో వేశారు, నెట్ రావట్లేదు. తప్పెక్కడ? జవాబు సంచికలో వేయొద్దని కార్యదర్శిగారికి చెప్పాం.